ముద్దాయికి పర్సనాలిటీ టెస్టు: స్కోరు చెప్పేదెంత, కోర్టు అడిగేదేమిటి

సెషన్స్ కోర్టు ముద్దాయిని నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పంపేటప్పుడు వెంట వచ్చే లేఖలో చాలాసార్లు ఒక్క వాక్యమే ఉంటుంది: ముద్దాయి మానసిక స్థితిని పరీక్షించి నివేదిక పంపవలెను. ఆ ఒక్క వాక్యంలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉంటాయి. ఈ మనిషి ఇప్పుడు విచారణను అర్థం చేసుకుని తన వకీలుకి చెప్పుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది ఒకటి. నేరం జరిగిన సమయానికి అతని మనసు ఎలా ఉంది అన్నది రెండు. ఇతన్ని జైల్లో ఎక్కడ ఉంచాలి, బెయిలిస్తే ఏం షరతులు పెట్టాలి, శిక్ష ఖరారు చేసేటప్పుడు ఏది లెక్కలోకి తీసుకోవాలి అన్నది మూడు.

మొదటిదానికి నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 367, 368 సెక్షన్లు ఉన్నాయి. ఇవి పాత సీఆర్పీసీలో 328, 329. రెండోదానికి నేరాలూ శిక్షలూ చెప్పే చట్టం బీఎన్ఎస్‌లో 22వ సెక్షను, అంటే పాత ఐపీసీ 84. మూడోది న్యాయమూర్తి విచక్షణలో, జైలు యంత్రాంగం చేతుల్లో ఉండేది. పర్సనాలిటీ టెస్టు మొదటి రెండు ప్రశ్నలకూ నేరుగా జవాబివ్వదు. మూడోదానికి మాత్రం కొంత ఉపయోగపడుతుంది. ఆచరణలో ఇది తలకిందులవుతోంది. మూడో ప్రశ్న కోసం పుట్టిన వర్గీకరణను తెచ్చి మొదటి రెండింటికి తగిలిస్తున్నారు.

567 వాక్యాల పరీక్ష

కోర్టు పనిలో ఎక్కువగా పేరు వినిపించేది ఎంఎంపీఐ (మిన్నెసోటా మల్టీఫేసిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ). మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే అనే సైకాలజిస్టు, మెకిన్లీ అనే డాక్టరు కలిసి తయారు చేసిన ఈ పరీక్ష 1943లో అచ్చయింది. 1989లో వచ్చిన రెండో రూపంలో 567 వాక్యాలున్నాయి. 2020లో వచ్చిన మూడో రూపంలో వాటిని 335కి తగ్గించారు. ప్రతి వాక్యానికీ 'నిజం' అనో 'అబద్ధం' అనో గుర్తు పెట్టాలి. ఆ జవాబులు దిగులు, అనుమానం, కట్టుబాట్లను ధిక్కరించే నైజం, వాస్తవంతో సంబంధం తెగిపోవడం లాంటి పది క్లినికల్ స్కేళ్ల మీద అంకెలుగా మారతాయి. సగటు 50. రెండో రూపంలో 65 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ స్కేలు పెరిగినట్టు లెక్క.

సగటు ఎవరి సగటు అన్నది ఇక్కడ అడగాల్సిన మాట. ఎంఎంపీఐ-2 కొలబద్దకు ఆధారం అమెరికాలో పరీక్ష రాసిన 2,600 మంది పెద్దలు. పొదిలి పక్క పల్లెలో పొగాకు కూలీకో, కావలి దగ్గర చేపలు పట్టే మనిషికో వచ్చిన అంకెను వాళ్ల సగటుతో పోల్చి 'అసాధారణం' అని రాస్తే ఆ మాటకు కోర్టులో నిలబడే బలం ఉండదు.

స్కేళ్ల పుట్టుక కూడా తెలిసి ఉండాలి. ఫలానా జబ్బున్నవాళ్లు, మామూలు మనుషులు ఏయే వాక్యాల దగ్గర వేరువేరుగా జవాబిచ్చారో చూసి ఆ వాక్యాలను ఏరి స్కేలు కట్టారు. కట్టుబాట్లను ధిక్కరించే నైజాన్ని కొలిచే నాలుగో స్కేలులో ఇంట్లో గొడవలు, పెద్దలతోనూ అధికారంతోనూ పేచీల గురించిన వాక్యాలు ఉంటాయి. రిమాండులో ఉన్నవాడికి అవన్నీ ఆ నెలలో నిజంగానే జరిగి ఉంటాయి. అనుమానాన్ని కొలిచే ఆరో స్కేలుదీ అదే కథ. ఊళ్లో రెండు పార్టీలుండి, అవతలి పార్టీ వాళ్లే సాక్షులుగా ఉన్న కేసులో ముద్దాయి "నా మీద కుట్ర జరుగుతోంది" అంటే అది భ్రమ కాకపోవచ్చు, చార్జిషీటులోని సాక్షుల జాబితానే కావచ్చు. స్కేలుకి ఆ తేడా తెలీదు. చార్జిషీటు చదివినవాడికి తెలుస్తుంది.

పది టైపులు

ఈ స్కోర్ల పటాన్ని బట్టి నేరస్తులను గుంపులుగా విడదీసే పద్ధతిని 1970ల్లో ఎడ్విన్ మెగార్జీ అనే సైకాలజిస్టు తయారు చేశాడు. ఫ్లోరిడా రాష్ట్రం టలహాసీలోని ఫెడరల్ జైల్లో శిక్ష అనుభవిస్తున్న యువ ఖైదీల ప్రొఫైళ్లు దానికి ఆధారం. మొత్తం పది గుంపులు. పేరు వినగానే జైలు సిబ్బందికి ఒక అభిప్రాయం ఏర్పడకూడదని వాటికి కావాలనే ఏ అర్థమూ లేని పేర్లు పెట్టాడు: ఏబుల్, బేకర్, చార్లీ, డెల్టా, ఈజీ, ఫాక్స్‌ట్రాట్, జార్జ్, హౌ, ఐటెమ్, జూపిటర్. ఐటెమ్ గుంపులో పెద్దగా మానసిక సమస్యలు కనిపించవు, ఖైదీల్లో ఎక్కువమంది ఆ గుంపే. చార్లీ గుంపువాళ్లు పగ, అనుమానం ఎక్కువున్నవాళ్లు. హౌ గుంపులో దాదాపు అన్ని స్కేళ్లూ పైకి లేస్తాయి, ఎక్కువ కలత ఉన్నవాళ్లు వీళ్లే.

జైలు నడిపేవాళ్లకి ఇది బాగా పనికొచ్చింది. దాడికి దిగే స్వభావం ఉన్నవాళ్లనీ దెబ్బలు తినేవాళ్లనీ ఒకే బ్యారక్‌లో వేయకుండా చూడొచ్చు. ఎవరిని డాక్టరు ముందుగా చూడాలో తేల్చుకోవచ్చు. ఇబ్బంది మొదలయ్యేది ఇదే జల్లెడను విచారణకు ముందు మానసిక పరీక్షకు వచ్చిన ముద్దాయిల మీద వాడినప్పుడు. శిక్ష పడిన ఖైదీకి పరీక్షలో జబ్బు చూపించుకుంటే వచ్చే లాభం తక్కువ. విచారణలో ఉన్నవాడికి దాని మీద కేసే ఆధారపడి ఉండొచ్చు. పైగా పరీక్షకు పంపిన గుంపులో నిజమైన జబ్బున్నవాళ్లు మామూలు ఖైదీల్లో కంటే ఎక్కువే ఉంటారు. అందుకని ప్రొఫైళ్లన్నీ పైకి లేచి, మనుషులు హౌ, చార్లీ లాంటి కలత గుంపుల్లోకి ఒరుగుతారు. నిజంగా మనసు చెదిరినవాడు, భయంతో వణికేవాడు, నటించేవాడు ఒకే గుంపులో చేరిపోతే వర్గీకరణ చేసిన పని ఏముంది?

టైపు నిలకడగా ఉండదన్నది రెండో చిక్కు. మందులు పడి నిద్ర కుదిరాక అదే మనిషికి పరీక్ష మళ్లీ పెడితే గుంపు మారిపోవచ్చు. చికిత్సకు అది మంచి వార్తే. నేరం నాటి మనఃస్థితికి ఆ టైపును సాక్ష్యంగా చూపాలనుకునేవాళ్లకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టే.

మనిషికి గుంపు పేరు పెట్టడం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైనప్పుడు ఎరుకల కుటుంబాలను కావలి సెటిల్‌మెంటులో ఉంచి అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతికి అప్పగించారు. చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలీసు రికార్డుల్లోనూ ఊరి మాటల్లోనూ చాలాకాలం మిగిలింది. ఆ కుటుంబాల నుంచి వచ్చిన ముద్దాయి ఫైల్లో 'సంఘ వ్యతిరేక టైపు' అని ఒక కాగితం చేరితే ఎవరు ఎలా చదువుతారో నివేదిక రాసేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

చట్టం చూసేది ఏమిటి

బీఎన్ఎస్ 22 రక్షణ దొరకాలంటే ఆ పని చేసేటప్పుడు బుద్ధిస్థిమితం లేని కారణంగా, చేస్తున్నదేమిటో గానీ, అది తప్పో చట్టవిరుద్ధమో గానీ తెలుసుకోలేని స్థితి ఉండాలి. నిరూపించే బరువు కొత్త సాక్ష్యాల చట్టం బీఎస్ఏ 108వ సెక్షను ప్రకారం ముద్దాయి మీదే ఉంటుంది. అయితే సందేహాతీతంగా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలని సుప్రీంకోర్టు 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో చెప్పింది. నేరానికి ముందు, నేరం నాడు, ఆ వెంటనే మనిషి ఎలా ప్రవర్తించాడన్నదే కోర్టు చూస్తుంది. సైకోపాత్ ప్రవర్తనకూ, ఆపుకోలేని ఆవేశానికీ ఈ సెక్షను కింద రక్షణ లేదని కూడా తీర్పులున్నాయి. కాబట్టి పర్సనాలిటీ టెస్టులో నాలుగో స్కేలు 80కి పోయినా డిఫెన్సుకి ఒరిగేదేమీ లేదు. "ఇతను ఇలాంటి పనులు చేసే రకమే" అని ప్రాసిక్యూషన్ దాన్ని తిప్పి చదివే ప్రమాదం మాత్రం ఉంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మూడో సెక్షనులో ఇంకో మెలిక ఉంది. ఒకరికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన బుద్ధిస్థిమితం లేనట్టు కాదు, ఆ మాట కోర్టే ప్రకటించాలి. డాక్టరు పరిధి జబ్బు వరకే. సైకాలజిస్టు పరిధి అందులో ఒక భాగం.

విచారణకు తగడు అన్న మాటను తేలిగ్గా రాసెయ్యకూడదు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ 1951లో అరెస్టయ్యాడు. విచారణ లేకుండా మానసిక ఆసుపత్రిలోనూ జైల్లోనూ గడిపి 2005లో బయటికొచ్చాడు. యాభై నాలుగేళ్లు.

పరీక్ష పెట్టే ముందు

ఎస్కార్టు కానిస్టేబుళ్లు ముద్దాయిని పొద్దున తీసుకొచ్చి సాయంత్రానికి తిరిగి తీసుకెళ్లాలని చూస్తారు. గిద్దలూరు నుంచో మార్కాపురం నుంచో ఒంగోలు వస్తే రాకపోకలకే రోజులో సగం పోతుంది. ఆ ఒక్క పూటలో పర్సనాలిటీ టెస్టు పెట్టి చేతులు దులుపుకోవడం కంటే అసలు పెట్టకపోవడం మేలు. అడ్మిట్ చేసుకుని కనీసం పది రోజులు వార్డులో చూడాలని కోర్టుకి రాయడం సరైన దారి. నిద్ర, తిండి, ఒంటరిగా మాట్లాడుకోవడం, డాక్టరు చూస్తున్నప్పుడూ చూడనప్పుడూ ప్రవర్తనలో తేడా, ఇవన్నీ నర్సింగ్ చార్టులో తేదీ, వేళతో ఉంటే ఏ స్కోరు కంటే కూడా గట్టి సాక్ష్యం.

మొదటి వారంలో ఈ పరీక్ష వద్దు. రోజూ తాగే మనిషికి అరెస్టుతో మందు ఆగిపోతుంది. రెండు మూడు రోజులకు చేతుల వణుకు, లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవుతాయి. అది డెలిరియం ట్రెమెన్స్, ప్రాణం మీదికి వచ్చే స్థితి. ముందు కావాల్సింది థయమిన్, వైద్యం. తలకి దెబ్బ తగిలిందేమో, మూర్ఛ ఉందేమో, థైరాయిడ్, షుగరు ఎలా ఉన్నాయో ఇదే వారంలో చూసుకోవాలి.

తర్వాత తెలివితేటల అంచనా. బినే-కామత్ పరీక్ష, వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు లాంటివి ఇందుకు వాడతారు. కుటుంబం దగ్గర పాత సదరం సర్టిఫికెట్ ఉందేమో అడగాలి. మేధోవైకల్యం ఉన్న మనిషికి 567 వాక్యాల పరీక్ష అనవసరం. ఎదుటివాడిని మెప్పించాలని అన్నిటికీ 'ఔను' అంటాడు, ఆ ఔనులన్నీ కలిపి స్కిజోఫ్రీనియా బొమ్మ గీస్తాయి.

చదువు సంగతి బడిలో ఎన్నో తరగతి దాకా వెళ్లాడని అడిగి వదిలేస్తే తేలదు. ఐదో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించి, ఏం అర్థమైందో చెప్పించాలి. చదవలేకపోతే రికార్డు చేసిన గొంతుతో వినిపించాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ అందరికీ ఒకేలా ఉండాలి. పక్కన కూర్చుని ఎవరో చదివి వినిపిస్తే వాళ్ల గొంతులో ఎగుడుదిగుళ్లు జవాబు చెప్పేస్తాయి. చదవగలిగినవాడికి గంటన్నర పట్టేది వినిపిస్తే మూడు గంటలు దాటొచ్చు. రెండు పూటలుగా పెట్టుకోవాలి.

టైము లేదని మొదటి 370 వాక్యాలతో ఆపేసే అలవాటు ఒకటుంది. పది క్లినికల్ స్కేళ్లూ, జవాబులను ఎంత నమ్మొచ్చో చూసే ఎల్, ఎఫ్, కె స్కేళ్లూ ఆపాటికి తేలతాయి నిజమే. నిర్లక్ష్యంగా గుర్తులు పెట్టాడా, అన్నిటికీ ఒకే జవాబు ఇచ్చాడా, చివరి సగంలో తీరు మారిందా అని పట్టే స్కేళ్లు మాత్రం మొత్తం పూర్తయితేనే వస్తాయి. మామూలు ఓపీలో ఆ కోత చెల్లుతుందేమో గానీ కోర్టు కేసులో చెల్లదు. అక్కడ ముందుగా కావాల్సినవి అవే.

తెలుగులో అడిగేటప్పుడు ఎదురయ్యే తప్పు ఒకటి పైకి కనిపించదు. "నాకు రాత్రిళ్లు భయం వెయ్యదు" లాంటి వాక్యం వినిపిస్తే మనిషి "వెయ్యదు" అంటాడు. అది 'నిజం' కింద పడాలి. రాసుకునేవాళ్లు "లేదన్నాడు" అనుకుని 'అబద్ధం' దగ్గర టిక్కు పెడతారు. వ్యతిరేకార్థం ఉన్న వాక్యాలు ఈ పరీక్షలో బోలెడు. అందుకే అసలు పరీక్షకు ముందు "నాకు మూడు చేతులు లేవు" లాంటి పది నమూనా వాక్యాలతో సాధన చేయించాలి. నోటితో చెప్పించకుండా రెండు రంగుల కార్డుల్లో ఒకటి ఎత్తి చూపించమనడం ఇంకా మేలు.

నమ్మకాల మాట. దుష్టశక్తులు, ఆవహించడం, ఎవరో చేతబడి చేయడం గురించిన వాక్యాలకు 'నిజం' అన్న జవాబు మిన్నెసోటాలో అరుదు కావచ్చు. పోలేరమ్మ కొలుపుల్లో, అంకమ్మ కొలుపుల్లో పూనకం చూస్తూ పెరిగిన మనిషికి అది పెద్ద విషయం కాదు. అలాంటి జవాబులు అరుదైన జవాబులను లెక్కపెట్టే ఎఫ్ స్కేలునీ, వాస్తవంతో సంబంధం తెగిపోవడాన్ని కొలిచే ఎనిమిదో స్కేలునీ పైకి లాగుతాయి. ఆ వాక్యాలను విడిగా తీసి ఒక్కోదాని గురించీ మళ్లీ అడిగి, అతను చెప్పిన మాట చెప్పినట్టే రాసుకోవాలి. ఇదే నమ్మకం ఇంకో వైపు నుంచి గట్టి ఆధారమూ అవుతుంది. నేరానికి ఆరు నెలల ముందే కుటుంబం అతన్ని ఏఎస్ పేట దర్గాకి తీసుకెళ్లి నిద్ర చేయించిందంటే, జబ్బు కేసు కోసం పుట్టింది కాదని చెప్పడానికి ఆ సంగతి ఉపయోగపడుతుంది. ఆర్ఎంపీ చీటీలు, మందుల షాపు బిల్లులు, పాత మాత్రల అట్టలు, పని మానేసిన తేదీ గురించి మేస్త్రీ చెప్పే మాట కూడా అలాంటివే.

నటన, దాపరికం, అంకెలు

ఎంఎంపీఐలో కోర్టుకు పనికొచ్చే భాగం టైపుల్లో లేదు, జవాబులను నమ్మొచ్చో లేదో చెప్పే చెల్లుబాటు స్కేళ్లలో ఉంది. చదివే వరుస తప్పితే అర్థం తారుమారవుతుంది. వదిలేసిన వాక్యాలు ఎన్నో మొదట లెక్కపెట్టాలి. 30గానీ అంతకు మించిగానీ ఉంటే పరీక్ష చెల్లదు. తర్వాత జవాబుల పొంతన చూసే విఆర్ఐఎన్, టిఆర్ఐఎన్ స్కేళ్లు. ఇవి 80కి చేరితే అక్కడే ఆపాలి. ఇవి బాగుంటేనే ఎఫ్ వైపు చూడాలి. ఎఫ్ పెరగడానికి నిజమైన సైకోసిస్ కారణం కావచ్చు, వాక్యం అర్థం కాకపోవడం కావచ్చు, సాయం కోసం గోడు వెళ్లబోసుకోవడం కావచ్చు, నటన కావచ్చు. తీవ్రమైన మానసిక రోగులు కూడా అరుదుగా ఒప్పుకునే వాక్యాలతో చేసిన ఎఫ్‌పి స్కేలు ఈ చిక్కును కొంత విప్పుతుంది. అది 100 దాటితే నటన అనుమానం బలపడుతుంది.

అనుమానమే, రుజువు కాదు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. వంద మంది ముద్దాయిల్లో 15 మంది నటిస్తున్నారు. పరీక్ష నటనను నూటికి 80 సార్లు పడుతుంది, నటించనివాళ్లను నూటికి 85 సార్లు సరిగ్గా వదిలేస్తుంది. అప్పుడు 15 మందిలో 12 మంది దొరుకుతారు. మిగిలిన 85 మందిలో దాదాపు 13 మంది కూడా వాళ్లతో పాటు పట్టుబడతారు. 'నటన' ముద్ర పడిన 25 మందిలో సగానికి పైగా అమాయకులే. ఒక్క స్కోరుతో ఆ మాట రాయకూడదనడానికి ఈ లెక్క చాలు. నటనను పట్టడానికి చేసిన ఎం-ఫాస్ట్ లాంటి 25 ప్రశ్నల చిన్న ఇంటర్వ్యూ, వార్డు చార్టు, కుటుంబం మాట కూడా అటే చూపితేనే రాయాలి. ఎల్, కె పెరగడం దీనికి ఎదురు సంగతి: ఏ లోపమూ లేనట్టు చూపించుకోవడం. భార్యని చంపాడన్న కేసులో మంచి పేరు కోసం తాపత్రయపడే మనిషి తన దిగులునీ తను వింటున్న గొంతులనీ కూడా దాచేస్తాడు. చదునైన ప్రొఫైలు చూసి 'నార్మల్' అని రాస్తే అసలు జబ్బు జారిపోతుంది.

నివేదికలో ఏముండాలి

పరీక్షకు ముందే ముద్దాయికి చెప్పాల్సినవి నాలుగు: ఎవరు అడిగారు, ఎవరు చదువుతారు, మామూలు రోగికి ఉండే గోప్యత ఇక్కడ ఉండదు, వద్దనే హక్కు ఉంది. నార్కో, పాలిగ్రాఫ్ లాంటివి బలవంతంగా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రశ్నావళి పరీక్షల గురించి కాదు గానీ, 'నిజం' అని పెట్టిన ప్రతి గుర్తూ ఒక మాటే కనుక అదే జాగ్రత్త ఇక్కడా పాటించడం మంచిది. వకీలు లేనివాడికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చే లీగల్ ఎయిడ్ న్యాయవాదికి ముందుగా కబురు వెళ్లాలి. కానిస్టేబులు తలుపు బయట, కనుచూపు మేరలో ఉండొచ్చు. చెవికి వినిపించేంత దగ్గరలో ఉండకూడదు. నేరం ఎలా చేశాడో అతను చెప్పుకొచ్చిన సంగతులను నివేదికలోకి ఎక్కించే ముందు కోర్టు అడిగిన ప్రశ్నకు అవి అవసరమా అని చూసుకోవాలి.

పరీక్ష పేరు, ఏ రూపం, ఏ అనువాదం, చదివాడా విన్నాడా, ఎన్ని పూటలు, ఎంతసేపు, తెలుగువాళ్ల సగటు పట్టిక ఉందా లేదా, పరీక్ష పెట్టిన క్లినికల్ సైకాలజిస్టు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు, ఇవన్నీ మొదటి పేజీలోనే ఉండాలి. జిరాక్సు తీసిన పాత అనువాదాలతో లాగించేస్తే క్రాస్ ఎగ్జామినేషన్లో ముందు కూలేది అక్కడే. ఆ పైన మూడు ప్రశ్నలకూ విడివిడిగా జవాబులు రాయాలి. విచారణకు తగినవాడా అన్నదానికి నేరారోపణ, జడ్జి, వకీలు, సాక్షి ఎవరో చెప్పగలిగాడా అన్న ఇంటర్వ్యూ వివరాలు. నేరం నాటి స్థితికి తేదీలతో కూడిన చరిత్ర. పర్సనాలిటీ స్కోరు ఈ రెండు భాగాల్లోకి రాకూడదు. వస్తే చెల్లుబాటు స్కేళ్ల ఫలితం మేరకే.

టైపు అవసరమైతే దాని చోటు మూడో భాగం. నెల్లూరు సెంట్రల్ జైలు చెముడుగుంటలో ఉంది. అక్కడికో ఒంగోలు జిల్లా జైలుకో తిరిగి వెళ్లే మనిషి ఆత్మహత్య ప్రమాదంలో ఉన్నాడా, ఒంటరి గదిలో ఉంచకూడదా, ఎవరితో కలపకూడదు, మాత్రలు ఎవరి ఎదుట మింగించాలి అన్నవి జైలు డాక్టరుకి విడి కాగితం మీద వెళ్లాలి. కోర్టుకి వెళ్లే కాపీలో గుంపు పేరు ఉండనక్కర్లేదు. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో మాత్రం మూడో భాగం బరువు పెరిగింది. ముద్దాయి మానసిక, మనోవైజ్ఞానిక నివేదికలను ప్రభుత్వమే ముందుగా తెప్పించి ట్రయల్ కోర్టు ముందు పెట్టాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ అడిగేది టైపు కాదు. ఆ మనిషి పెరిగిన ఇల్లు, జబ్బు చరిత్ర, జైల్లో నడత, మారే అవకాశం. పర్సనాలిటీ టెస్టు వాటిలో ఒక పేరాకి సరిపోతుంది. ఆ పేరా కోసమైనా చికిత్స మొదలైన కొన్ని నెలలకు పరీక్షను రెండోసారి పెట్టి, రెండు ప్రొఫైళ్లనూ పక్కపక్కన జతచేయాలి.